గతి లేని రాయి

కరీంనగర్‌లో మా బడిలో చదువుకున్నవాళ్లను ఎవరినైనా కదిపితే తబియత్ సార్ కథ చెబుతారు. ఉర్దూ తప్ప మరో భాషలో పాఠం చెప్పి ఎరగని ఒక సైన్సు సారు, ఇన్‌స్పెక్టర్ ముందర తెలుగులో పాఠం చెప్పవలసి వచ్చింది. బల్ల మీద ఒక రాయి పెట్టి, "ఈ రాయికి గతి లేదు" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒకడు "మాకు సుత లేదు సార్!" అన్నాడు, మాకూ లేదని. తరగతి గొల్లుమంది. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. సారుకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. కొద్దిరోజులకే ఆయన్ను ఇచ్చోడ అనే చిన్న ఊరికి బదిలీ చేశారు. చివరికి గతి లేనిది రాయికి కాదు, సారుకే అని తేలింది.

కథ వినేవాళ్లు ఇక్కడ కడుపుబ్బ నవ్వుతారు.

ఈ కథను ఊళ్లోకి వదిలింది నేను. ఇందులో అబద్ధమని వేలు పెట్టి చూపగలిగింది ఒక్కటే ఉంది, సారుకు అర్థం కాలేదనడం. మిగతాదంతా జరిగిందే. కానీ జరిగినదాంట్లో ఇది సగం. ఆ రెండో సగాన్ని నేనే కోసేశాను.

యాభై అయిదు నిండి ఈ మధ్యే బడి వదిలాను. కొత్తగా సైన్సు మాస్టర్లుగా చేరేవాళ్లకు పనికొచ్చే మాటలు నాలుగు రాయమని అడిగారు. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు పెద్ద తరగతులిచ్చారు అన్నవి ఎవరికీ అక్కరలేదు. ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట ఒక పాఠం మధ్యలో నా కళ్లముందు ప్రాణం పోసుకుంది. అంత గొప్ప సంగతి మళ్లీ నా ఉద్యోగంలో చూడలేదు.

హర్కత్

మాది సుల్తానాబాద్. మగ్గం ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. మా కాలంలో లెక్కలు, సైన్సు అన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాం. భౌతికశాస్త్రాన్ని ఉర్దూలో తబీయాత్ అంటారు. ఒంట్లో ఎలా ఉందని అడిగే "తబియత్ ఎట్లుంది" అనే మాటకు అది దగ్గర. అందుకే ఆ పాఠం చెప్పే ప్రతి మాస్టరూ పిల్లలకు తబియత్ సారే.

వస్తువు కదలడాన్ని ఆ శాస్త్రంలో హర్కత్ అంటారు. మా వీధిలో హర్కత్ అంటే కోతిపని. "ఏం హర్కత్‌లురా గివి?" అని బాపు చేతిలో కట్టె పట్టుకునేవాడు. అలాంటిది ఒకరోజు బడిలో మాస్టరు గంభీరంగా, ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒక హర్కత్‌లో ఉంటుందని చెప్పగానే మేం పగలబడి నవ్వాం. ఆయన మా వీపులు వాయించి నిర్వచనం వల్లె వేయించారు. నిర్వచనం ఇప్పటికీ నోటికి వస్తుంది. నవ్వు మాత్రం ఆ రోజే ఆగిపోయింది.

కదలకుండా ఉండడాన్ని సుకూన్ అంటారని కూడా అప్పుడే నేర్చుకున్నాను. సుకూన్ అంటే మనశ్శాంతి. ఆగిన బంతికి శాంతి దొరుకుతుందా, ఉరికే బంతి అల్లరి చేస్తున్నట్టా అని చిన్నప్పుడు ఆశ్చర్యపోయాను. అడగడానికి భయపడ్డాను. అడిగి ఉంటే బాగుండేదని, ఆ కథలోని తబియత్ సార్ ఖాదర్ సాబ్‌ను చూశాక అనిపించింది.

బస్సు ఆగింది, నేను ఆగలే

పోలీసు చర్య అయిన కొద్దికాలానికి నేను కరీంనగర్ బడిలో చేరాను. ఖాదర్ సాబ్ అప్పటికే అక్కడ పెద్ద సైన్సు మాస్టరు. నాందేడ్ వైపు మనిషి. పొడుగు, సన్నం, బటన్లన్నీ పెట్టుకున్న షేర్వానీ. ఉర్దూ, మరాఠీ నీళ్లలా వచ్చేవి. తెలుగు మాత్రం బజారులో నేర్చుకున్న తెలుగు. అందులో స్త్రీ, పురుషుడు, రాయి, గొడ్డు చాలాసార్లు ఒకటైపోయేవి. "పాలు విరిగిండు" అనేవారు. "చెప్పు తెగిండు" అనేవారు.

ఒక ఆదివారం మా ఊరికి రమ్మంటే నాతో బస్సులో వచ్చారు. సీట్లు దొరకలేదు, నిలబడ్డాం. దారిలో బర్రెలు అడ్డం రావడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. ఖాదర్ సాబ్ వెళ్లి ముందున్న ముసలమ్మ తట్ట మీద పడ్డారు. తట్టలో వంకాయలు.

"కండ్లు కనవడ్తలేవా? గంత పొడుగుండి మీద పడ్తవేంది?" అని ఆమె విరుచుకుపడింది.

"నేను పడలే అమ్మా. బస్సు ఆగింది, నేను ఆగలే."

"బస్సు ఆగితే నువ్వెందుకు ఆగవ్? బస్సుల లేవా?"

ఖాదర్ సాబ్ వంకాయలు ఏరుతూ నావైపు తిరిగి ఉర్దూలో అన్నారు: "విన్నావా? ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పుస్తకంలో ఉంది? రేపటి పాఠం ఇక్కడి నుంచి మొదలుపెట్టు."

మరునాడు అలాగే మొదలుపెట్టాను. జడత్వం పిల్లలకు అంత తేలిగ్గా ఎక్కడం అదే మొదటిసారి. ఆయన పద్ధతి ఒకటే. ముందు వస్తువును కదిలించాలి, తర్వాత పిల్లలను కదిలించాలి, పేరు చివర ఇవ్వాలి. నేను అప్పటిదాకా పేరుతో మొదలుపెట్టి పేరుతోనే ముగించేవాణ్ని. మాస్టర్లలో చాలామంది ఇప్పటికీ అంతే. పేరు తెలిస్తే వస్తువు తెలిసిందనుకుంటారు.

అచ్చులో కనబడ్డ మాట

తర్వాత రోజులు మారాయి. ఉర్దూ తరగతుల్లో పిల్లలు తగ్గారు, తెలుగు తరగతులు నిండాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తల్లో మా బడికి కబురు వచ్చింది. ఉర్దూలో చదివి వచ్చిన, ఇంట్లో తెలుగు లేని సైన్సు మాస్టర్లు ఇన్‌స్పెక్టర్ ముందు తెలుగులో ఒక పాఠం చెప్పాలి. చెప్పగలిగితే సైన్సు తరగతులు వాళ్లవే. చెప్పలేకపోతే చిన్న బడులకు, చిన్న తరగతులకు వెళ్లాలి.

ఉద్యోగం ఎక్కడికీ పోదు. అయినా ఖాదర్ సాబ్ తిండి సరిగా తినడం మానేశారు. "నాకు కుర్చీ ఎక్కడ వేసినా పర్వాలేదు. హర్కత్ పాఠం నా చేతిలోంచి గుంజుకుంటే నేనేం చేయాలి?" అని అడిగారు. ఏటా తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పడం కోసమే మిగతా ఏడాదంతా బతికేవారు. పాఠం రోజు కొత్త షేర్వానీ వేసుకునేవారు.

ఆయనకు తెలుగు మాటలు నేర్పే పని హెడ్మాస్టరు నాకు అప్పగించారు. సాయంత్రాలు ప్రయోగశాలలో కూర్చునేవాళ్లం. తెలుగువాణ్ని అన్న పేరే గానీ శాస్త్రం మాటలు నాకూ కొత్తే. కోస్తా నుంచి వచ్చిన పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంటూ నేర్పాను. స్థానం, కాలం, వడి, వేగం. హర్కత్‌కు ఆ పుస్తకంలో గతి అని ఉంది. తర్వాతి పుస్తకాల్లో చలనం అని మార్చారు గానీ అప్పుడు గతే.

"గతి" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "అరె, ఇది మాకూ ఉంది మియా! మరాఠీలో గతీ అంటారు. జోరుగా పోవడం. ఇక దీన్ని నేర్చుకునే పనే లేదు."

తర్వాతి మాటకు వెళ్లిపోయాం.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా అవ్వ నోట రోజుకు ఒక్కసారైనా వచ్చే మాట అది. గంజి పోసేటప్పుడల్లా "గతిలేనమ్మకు గంజే పానకం బిడ్డా" అనేది. మా వాడలో ఎవరిని తిట్టాలన్నా, ఎవరి మీద జాలిపడాలన్నా గతి అన్న మాట లేకుండా కుదరదు. అలాంటి మాట అచ్చులో, శాస్త్రం పుస్తకంలో కనబడేసరికి నేను గుర్తుపట్టలేదు. పుస్తకంలో ఉన్నది చదువుకున్నవాళ్ల మాట, ఇంట్లో ఉన్నది గంజి దగ్గరి మాట అని నా బుర్రలో రెండు గదులు ఉండేవి. మధ్యలో తలుపు లేదు. ఆయనకు మరాఠీ అడ్డం వచ్చింది. నాకు చదువు అడ్డం వచ్చింది.

రాయి

ఆ రోజు తరగతిలో వెనక కుర్చీలో ఇన్‌స్పెక్టర్, ఆయన పక్కన హెడ్మాస్టరు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ కోస్తా మనిషి, మర్యాదస్తుడు. పిల్లలు బిగుసుకుపోయి ఉన్నారు.

ప్రయోగశాల తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే నల్లరాయి ఒకటి ఉండేది. ఖాదర్ సాబ్ దాన్ని రెండు చేతులా తెచ్చి బల్ల మీద పెట్టారు.

"పిల్లలూ, ఈ రాయిని చూడుండ్రి. ఈ రాయి ఎక్కడికీ పోతలేడు. ఈ రాయికి గతి లేదు."

రాజమల్లు అని ఒకడు వెనక బెంచీలో కూర్చునేవాడు. మగ్గం ఇంటి పిల్లవాడే. తప్పి తప్పి అప్పటికే మీసాలు వచ్చాయి. నోరు ఊరుకునేది కాదు.

"మాకు సుత లేదు సార్!"

తరగతి పగిలిపోయింది. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు నావైపు చూశారు. ఆ క్షణంలో నా బుర్రలోని రెండు గదుల మధ్య గోడ కూలింది. మా అవ్వ, గంజి, పుస్తకం అన్నీ ఒకచోట పడ్డాయి. ఏం లాభం, ఆయన అక్కడ బల్ల దగ్గర ఒంటరిగా ఉన్నారు.

నేను ఊళ్లో చెప్పిన కథ ఇక్కడ ముగుస్తుంది.

"ఎవడన్నడు? లెవ్వు బేటా" అన్నారు ఖాదర్ సాబ్.

రాజమల్లు లేచాడు. నవ్వు పోయింది. "ఏం లేదు సార్."

"ఏం లేకపోతే గింత నవ్వు ఎక్కడి నుంచి ఒచ్చిండు? నాకు గూడ చెప్పు. నేను గూడ నవ్వుత."

"సార్, గతి లేదంటే… తినుటానికి ఏం లేనోడు సార్. ఎవ్వలు లేనోడు."

"దిక్కు లేనోడు సార్" అని ముందు బెంచీలోంచి మరొకడు అందించాడు.

ఖాదర్ సాబ్ తలుపు వైపు చూశారు. "నర్సయ్య, నిజమేనా?"

తల ఊపాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. లేదా కళ్లనీళ్లు తిరుగుతాయనుకున్నాను. ఎప్పుడో తప్పిపోయిన చుట్టం పెళ్లిలో ఎదురైతే మనిషి ముఖం ఎలా అవుతుందో అలా అయింది ఆయన ముఖం. మేం అన్ని సాయంత్రాలు బట్టీ పట్టిన పాఠాన్ని ఆయన అక్కడే వదిలేశారు. బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, పిల్లల మధ్య బెంచీ అంచున కూర్చున్నారు.

"ఇంక? మీ ఇంట్ల గతి అని ఇంకెట్ల ఇంకెట్ల అంటరు? అందరు చెప్పుండ్రి."

ఒకడు మొదలుపెట్టాడు. తర్వాత ఆపడం కష్టమైంది.

"మా అవ్వ తిడ్తది సార్, నీ గతి గింతేరా అని."

"పంట పోతే ఏం గతి పట్టెరా దేవుడా అంటరు."

"పోయిన ఏడును గత సంవత్సరం అని రాస్తరు సార్."

"సచ్చిపోతే గతించిండు అంటరు."

ఆ మాట దగ్గర ఆయన చెయ్యి ఎత్తారు. "గతించిండు. అంటే?"

"పోయిండు అని సార్."

"పోయిండు అంటే సచ్చినట్టా? రాజమల్లు, మీ బాపు సుల్తానాబాద్ పోయిండు. సచ్చిండా?"

పిల్లలు మళ్లీ నవ్వారు. "లేదు సార్, ఊరికి పోయిండు."

"సుల్తానాబాద్ తీసెయ్యి. ఉత్తగ పోయిండు. ఇప్పుడు?"

రాజమల్లు అన్నాడు: "సచ్చిపోయినట్టే సార్."

"చూసినవా!" ఖాదర్ సాబ్ లేచి నిలబడ్డారు. "ఎక్కడికి అని చెప్తే మనిషి బతికిండు. చెప్పకపోతే సచ్చిండు. కదిలేటోనికి దిక్కు ఎంత అవసరమో మీ తెలుగుకు ఎర్కనే ఉంది. నాకు ఇయ్యాల్నే ఎర్క అయింది."

సుద్దముక్క తీసి బోర్డు మీద వడి, వేగం అని రెండు మాటలు రాశారు. ఎంత జోరుగా పోతున్నామో మాత్రమే చెబితే వడి. ఎంత జోరుగా, ఏ దిక్కుకు, రెండూ చెబితే వేగం. "గతి లేనోడు, దిక్కు లేనోడు. మీ అవ్వలు గీ రెండు మాటలు జోడెద్దుల లెక్క ఎందుకు కట్టిండ్రు? గిందుకే."

ఉర్దూలో, మరాఠీలో, కొత్త పుస్తకంలో ఎక్కడెక్కడో వెతుక్కుంటున్న పాఠం అది. వడికీ వేగానికీ తేడా చెప్పలేక నేను ఏటా తంటాలు పడేవాణ్ని. మా వాడలో దిక్కు లేనివాణ్ని తిట్టే తిట్టులో అది ఎప్పటినుంచో కూర్చుని ఉంది.

అప్పుడాయన రాయి దగ్గరికి తిరిగి వెళ్లారు. దాని మీద చెయ్యి వేశారు.

"నేను ఒకటి తప్పు చెప్పిన. ఈ రాయికి గతి లేదన్న. బల్లను అడిగితే లేదనే అంటది. ఎందుకు? బల్ల దగ్గర నుంచి రాయి ఎక్కడికీ పోలే. మరి సూర్యుణ్ణి అడిగితే?"

ఆయన కాలితో నేలను తట్టారు.

"భూమి ఆగి ఉందా?"

"లేదు సార్, తిరుగుతది."

"భూమి తిరిగితే ఈ బడి?"

"తిరుగుతది."

"బల్ల?"

"తిరుగుతది సార్."

"రాయి?"

తరగతి మొత్తం రాయిని చూసింది. నేనూ చూశాను. రోజూ తలుపు కింద పడి ఉండే రాయి అది. దాన్ని నేను ఎన్నిసార్లు కాలితో తన్ని జరిపానో లెక్క లేదు.

"తిరుగుతది" అన్నాడు రాజమల్లు. రాయి మీంచి చూపు తీసి, "నేను సుత సార్?" అన్నాడు.

"నువ్వు సుత. నీ మగ్గం సుత. మీ అవ్వ సుత. వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టర్ సాబ్ సుత. ఏ బస్సు పోనంత జోరుగ పోతున్నం అందరం. గీ భూమి మీద గతి లేనోడు ఒక్కడు లేడు బేటా."

రాజమల్లు కూర్చోలేదు. రెండు చేతులతో బెంచీ గట్టిగా పట్టుకున్నాడు. పడిపోతానేమోనని పట్టుకున్నట్టు. వాణ్ని చూసి పక్కవాడు పట్టుకున్నాడు. నా చెయ్యి తలుపు చెక్క మీద ఉంది. అది నేనెప్పుడు వేశానో నాకు తెలియదు. కిటికీ బయట ఎండలో ఎవరిదో ఎడ్లబండి నిలబడి ఉంది. అది నిలబడి లేదని నాకు మొదటిసారి తెలిసింది. ఆ నిర్వచనం నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. తెలియడం అంటే ఏమిటో మాత్రం ఆ రోజే తెలిసింది.

తెలుగులో చెప్పలేదుగా

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చాడు. హెడ్మాస్టరు వింటుండగా నాతో అన్నాడు: "అద్భుతంగా చెప్పాడండీ. నాకే ఒళ్లు జలదరించింది. కానీ తెలుగులో చెప్పలేదుగా."

"పిల్లలకు అర్థమైంది సార్" అని ఒక్క మాట అనవలసింది. అనలేదు.

"రాయి పోతలేడు అంటాడేమిటండీ? రేపు పిల్లలు పరీక్షలో అలాగే రాస్తే?" అని ఆయనే మళ్లీ అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడని నేను చెప్పను. ఆయనకు ఇచ్చిన కొలత తెలుగు కొలిచేది. దానితో ఆయన తెలుగునే కొలిచాడు. ధాన్యం కొలిచే కుంచంతో ఏరును ఎలా కొలుస్తారు? అయినా కుంచం చేతిలో ఉన్నవాడు కొలవక మానడు. మీరూ ఒకనాడు పెద్దవాళ్లై ఇంకొకరి పాఠం వెనక కుర్చీలో కూర్చుంటారు. చేతిలో ఉన్నది ఏమిటో ఒకసారి చూసుకోండి.

ఖాదర్ సాబ్‌ను ఇచ్చోడకు పంపారు. తొమ్మిదో తరగతి సైన్సు నాకు ఇచ్చారు.

వెళ్లేరోజు ఆయన నాతో నవ్వుతూనే మాట్లాడారు. ఆ మధ్యే రాష్ట్రాలు మార్చినప్పుడు, అప్పటిదాకా మాతో ఒకే రాష్ట్రంలో ఉన్న నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. "మా ఊరు ఉన్న దగ్గర్నే ఉంది, అయినా వేరే రాష్ట్రంలకు పోయింది. ఏది కదిలిండు మియా, ఊరా, గీతా?" అని అడిగారు.

కథను మొదటిసారి టీచర్ల గదిలో చెప్పాను. ఊరికే, నవ్వుకోవడానికి. "మాకు సుత లేదు సార్" అనగానే ఎంత నవ్వారంటే, తర్వాతి మాట వినే స్థితిలో ఎవరూ లేరు. ఆగిపోయాను. రెండోసారి కావాలనే అక్కడ ఆపాను. మొదటి సగం ఎవడైనా చెప్పగలడు. రెండో సగం చెప్పాలంటే ఆయనలా పిల్లల చేత బెంచీలు పట్టించాలి. అది నాకు రాదు. రానిదాన్ని వదిలేసి వచ్చినదాంతో పేరు తెచ్చుకున్నాను. చెప్పగా చెప్పగా, ఆ మాట ఆయనకు ఇచ్చింది నేనే అన్న సంగతి కూడా కథలోంచి జారిపోయింది. వినేవాళ్ల దృష్టిలో తెలుగు తెలియక తప్పు చేసినవాడు ఆయన, నేను తలుపు దగ్గర నిలబడ్డ సాక్షిని.

ఇచ్చోడ

చాలా ఏళ్లకు పరీక్షల పని మీద ఇచ్చోడ వెళ్లాను. నాగపూర్ దారి పక్కనే చిన్న బడి. వసారాలో ఖాదర్ సాబ్ తరగతి. షేర్వానీ రంగు వెలిసింది గానీ బటన్లన్నీ పెట్టే ఉన్నాయి. మాస్టర్లు చాలక అన్నీ ఆయనే చెబుతున్నారు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా పాఠం ఆపి, దాన్ని చూపించి, మళ్లీ మొదలుపెడుతున్నారు.

నన్ను చూసి లేచి కౌగిలించుకున్నారు. "ఇక్కడ నాకు ఒక్కటే పరేషానీ మియా" అన్నారు. "ఈ పిల్లలు మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడతారు. గతి అంటే జోరు అని వీళ్లకు పుట్టుకతోనే ఎర్క. ఒక్కడూ నవ్వడు. నవ్వకపోతే ఆ పాఠం ఎట్ల చెప్పాలె?"

"మరి ఏం చేస్తున్నరు సాబ్?"

"కరీంనగర్ కథ చెప్తున్న. ముందు నా మీద నవ్విస్తున్న, తర్వాత పాఠం చెప్తున్న." అని ముందు వరసలో ఉన్న ఒక ఆడపిల్లను పిలిచారు. "లక్ష్మీ, ఈ సార్‌కు రాయి కథ చెప్పు."

ఆ పిల్ల చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రాయి, రాజమల్లు, సుల్తానాబాద్ పోయిన బాపు, తిరిగే భూమి, బెంచీలు పట్టుకున్న పిల్లలు. ఏదీ వదల్లేదు. చివర ఇలా అంది:

"మా సారుకు గతి అనే మాట ఎర్కలేకుండె. కరీంనగర్‌ల ఒక దోస్తు ఇచ్చిండట. గా దోస్తు గా మాట ఇయ్యకపోతే గింత మంచి పాఠం మా సారుకు దొరకకపోవునట."

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నా కథలో నేను ఆయన్ను ముందుకు నెట్టి వెనక దాక్కున్నాను. ఆయన కథలో ఆయన నన్ను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చారు. ఇద్దరం ఒకటే సంగతి చెబుతున్నాం.

పిల్లలు వెళ్లాక, "సాబ్, గీ కథ నేను అక్కడ…" అన్నాను.

"తెలుసు. సగం చెప్తవ్."

"ఎవరు చెప్పిండ్రు?"

"రాజమల్లు. ఈ రోడ్డు మీదనే లారీ నడుపుతుండు. పోయినప్పుడల్లా ఆగి చాయ్ తాగి పోతడు. మీ నర్సయ్య సారు మిమ్మల్ని బద్నాం చేస్తుండు అని మస్తు కోపంల ఉంటడు." నవ్వారు. "నేనన్న, లేదు బేటా, ఆయన దగ్గర వడి ఉంది. దిక్కు జర ఆలస్యంగ దొరుకుతది అని."

బస్సు వచ్చేదాకా ఆయన నాతో రోడ్డు పక్కన నిలబడ్డారు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆయన వెనక్కి వెళ్లిపోతున్నట్టు కనబడింది. చెయ్యి ఊపుతూ ఏదో అరిచారు. వినబడలేదు. ఏమని ఉంటారో నాకు తెలుసు. నేను కాదు, నువ్వే పోతున్నవ్ అని ఉంటారు.

కొత్త మాస్టర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ తరగతి నవ్వితే బెత్తం అందుకోకండి. పుస్తకం మూసి, మీ ఇంట్లో ఈ మాటను ఏమంటారని అడగండి. పుస్తకంలో మీకు దొరకనిది అక్కడ దొరకవచ్చు. నాకు దొరకడానికి మరొకరి పాఠం పాడుకావలసి వచ్చింది. కాదు, పాడుకాలేదు. ఆ సంగతే ఇన్నేళ్లూ తప్పుగా చెప్పాను.

నేను కరీంనగర్ బడి వదిలిన రోజు కొత్త సైన్సు మాస్టరుకు ప్రయోగశాల అప్పగించాను. సీసాలు, త్రాసు, అయస్కాంతాలు అన్నీ చూపించాను. చివర తలుపు దగ్గరి నల్లరాయిని తీసి బల్ల మీద పెట్టి, ఈ కథ మొత్తం మొదటి నుంచి చివరి దాకా ఆ అబ్బాయికి చెప్పాను. మధ్యలో నవ్వాడు. తర్వాత నవ్వలేదు. చెయ్యి చాచి బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది.

అక్కడే ఉంది అని రాశాను. ఖాదర్ సాబ్ వింటే ఒప్పుకోరు.